వీడియో సైజు తగ్గాలి, స్పష్టత చెడకూడదు: ఎలా?

పెళ్లిలో తలంబ్రాల సమయంలో ఫోన్‌తో తీసిన నాలుగు నిమిషాల వీడియో. తీసిన ఫోన్‌లో చూస్తే పెళ్లికూతురి చీర అంచు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అదే వీడియో వాట్సాప్‌లో అమెరికాలోని అన్నయ్యకు చేరి, ఆయన దాన్ని టీవీలో పెట్టేసరికి ముఖాలు మసకబారి, తలంబ్రాలు చిన్న చిన్న గళ్లుగా మారిపోతాయి. ఈలోగా ఇక్కడ ఫోన్‌లో జాగా చాలడం లేదని అసలు వీడియోను తొలగించేస్తారు. చివరికి అందరి దగ్గరా మిగిలేది ఆ మసక కాపీయే.

ఇలా పోయిన స్పష్టతను తిరిగి తెచ్చే మార్గం లేదు. కుదించేటప్పుడు పారేసిన సమాచారం ఫైల్‌లో ఎక్కడా ఉండదు. కానీ ఎక్కువ సందర్భాల్లో ఈ నష్టం జరగాల్సింది కాదు. వీడియోను కుదించే పని యాప్‌కు వదిలేయకుండా, అసలు ఫైల్ నుంచి ఒక్కసారే, సరైన లెక్కతో కుదిస్తే సైజు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గినా కంటికి పెద్దగా తేడా తెలియదు.

ఫోన్‌లోని వీడియో అప్పటికే కుదించినదే

ఫుల్ హెచ్‌డీ అంటే ఒక్కో ఫ్రేమ్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ రంగుకు 3 బైట్లు చొప్పున లెక్కేస్తే ఒక ఫ్రేమ్‌కు 6.2 ఎంబీ అవుతుంది. సెకనుకు 30 ఫ్రేమ్‌లు కాబట్టి సెకనుకు దాదాపు 187 ఎంబీ, నిమిషానికి 11 జీబీకి పైనే.

ఐఫోన్ సెట్టింగ్స్‌లో యాపిల్ చూపించే లెక్క ప్రకారం అదే ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి పాత హెచ్.264 పద్ధతిలో సుమారు 130 ఎంబీ, కొత్త హెచ్.265 పద్ధతిలో సుమారు 60 ఎంబీ తీసుకుంటుంది. అంటే రికార్డు చేస్తున్నప్పుడే ఫోన్ దాన్ని 80 రెట్లకు పైగా కుదించేసింది. 4కే రిజల్యూషన్‌లో సెకనుకు 60 ఫ్రేమ్‌లతో తీస్తే మాత్రం హెచ్.265లోనూ నిమిషానికి 400 ఎంబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్ ఉన్నవారు అలాంటి వీడియో నాలుగు నిమిషాలు పంపితే ఆ రోజు డేటా మొత్తం అయిపోతుంది.

కుదింపులో ఏం పోతుంది?

వీడియో కుదింపు మూడు సూత్రాల మీద నడుస్తుంది. మొదటిది, పక్కపక్కనే ఉన్న ఫ్రేమ్‌లు దాదాపు ఒకేలా ఉంటాయి. ఉపాధ్యాయుడు బోర్డు ముందు నిలబడి పాఠం చెబుతుంటే మారేది ఆయన చేతులు, ముఖం మాత్రమే. వెనకున్న గోడను ప్రతి ఫ్రేమ్‌లోనూ కొత్తగా రాసిపెట్టాల్సిన పనిలేదు. అందుకే అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేమ్‌ను భద్రపరిచి, మధ్యలో వచ్చేవాటికి ఏది ఎక్కడికి కదిలింది, ఎంత మారింది అన్నదే నమోదు చేస్తారు. ఈ పూర్తి ఫ్రేమ్‌లను కీఫ్రేమ్‌లు అంటారు.

రెండోది, మన కన్ను వెలుతురులో తేడాలను పట్టుకున్నంత బాగా రంగులో తేడాలను పట్టుకోలేదు. అందుకే సాధారణ వీడియోల్లో వెలుతురు వివరం ప్రతి పిక్సెల్‌కూ ఉంటుంది కానీ, రంగు వివరం నాలుగు పిక్సెళ్లకు ఒకటే ఉంటుంది.

మూడోది, బొమ్మను చిన్న చిన్న చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరంలోని స్థూలమైన మార్పులను, సన్నటి వివరాలను గణితపరంగా వేరు చేయడం. వేరు చేశాక సన్నటి వివరాల్లో కంటికి ఆనని వాటిని వదిలేస్తారు. దీనికి ఆధారమైన డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే పద్ధతిని ప్రతిపాదించింది బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్. టి.నటరాజన్, కె.ఆర్.రావులతో కలిసి ఆయన రాసిన పరిశోధన పత్రం 1974లో వెలువడింది. జేపెగ్ ఫొటోలు మొదలుకొని నేటి వీడియోల వరకు ఈ పద్ధతి, దాని రూపాంతరాలే వాడుకలో ఉన్నాయి.

నష్టం ప్రధానంగా జరిగేది ఈ మూడో దశలోనే. వదిలేసేది కొంచెమైతే ఎవరూ గమనించరు. హద్దు దాటితే చదరాల అంచులు బయటపడి, వీడియో గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. కుదించిన ఫైల్‌ను మరో యాప్ మళ్లీ కుదిస్తే, అది అప్పటికే ఉన్న ఆ గళ్లను కూడా అసలు బొమ్మలో భాగమే అనుకుంటుంది. జిరాక్స్ కాపీకి మళ్లీ జిరాక్స్ తీస్తే అక్షరాలు చెదిరినట్లే, గ్రూపు నుంచి గ్రూపుకు తిరిగిన వీడియో ఒక్కో కుదింపుతో మరింత పాడవుతుంది.

సైజును తేల్చే లెక్క ఒక్కటే

వీడియో సైజు ఎంతన్నది రెండే అంశాలు నిర్ణయిస్తాయి: సెకనుకు ఎంత డేటా వాడుతున్నారు, ఎన్ని సెకన్లు ఉంది. సెకనుకు వాడే డేటానే బిట్‌రేట్ అంటారు. దీన్ని మెగాబిట్లలో చెబుతారు. 8 మెగాబిట్లు కలిస్తే ఒక మెగాబైట్, అంటే ఒక ఎంబీ.

ఉదాహరణకు స్కూల్ వార్షికోత్సవంలో 10 నిమిషాల నృత్యం వీడియోను 100 ఎంబీలోపు పంపాలి. 100 ఎంబీ అంటే 800 మెగాబిట్లు. దాన్ని 600 సెకన్లతో భాగిస్తే సెకనుకు 1.33 మెగాబిట్లు. అందులో శబ్దానికి 0.13 తీసేస్తే బొమ్మకు మిగిలేది 1.2 మెగాబిట్లు.

ఇది ఏ రిజల్యూషన్‌కు సరిపోతుంది? సెకనుకు 30 ఫ్రేమ్‌ల సాధారణ వీడియోలను అప్‌లోడ్ చేసేవారికి యూట్యూబ్ సూచించే బిట్‌రేట్ 1080పీకి 8, 720పీకి 5, 480పీకి 2.5 మెగాబిట్లు. యూట్యూబ్ ఆ ఫైల్‌ను మళ్లీ కుదిస్తుంది కాబట్టి కాస్త ఎక్కువే అడుగుతుంది. నేరుగా చూసే ఫైల్‌కు అందులో సగం కూడా చాలాసార్లు సరిపోతుంది. ఆ లెక్కన 1.2 మెగాబిట్లలో 1080పీ ఇరికిస్తే గళ్లు తప్పవు. 480పీ అయితే హాయిగా సరిపోతుంది. కదలిక తక్కువగా ఉన్న వీడియో అయితే 720పీ ప్రయత్నించవచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రిజల్యూషన్ ఎక్కువగా ఉంచితే స్పష్టత ఎక్కువ ఉంటుందనుకుంటారు. బిట్‌రేట్ చాలనప్పుడు జరిగేది అందుకు విరుద్ధం. ఆకలితో ఉన్న 1080పీ కన్నా కడుపునిండిన 720పీ కంటికి బాగుంటుంది.

నాణ్యత పోకుండా తగ్గించగలిగేవి

అన్నిటికన్నా ముందు చేయాల్సింది అనవసరమైన భాగాన్ని కత్తిరించడం. మొదట్లో కెమెరా సర్దుకున్న 20 సెకన్లు, చివర్లో నేలను చూపించిన 15 సెకన్లు తీసేస్తే సైజు తగ్గుతుంది, స్పష్టత మాత్రం రవ్వంత కూడా తగ్గదు. ఫోన్ గ్యాలరీలోనే ఈ సదుపాయం ఉంటుంది. కత్తిరించిన దాన్ని కొత్త కాపీగానే సేవ్ చేసుకోవాలి.

తర్వాత చూడాల్సింది రిజల్యూషన్. 4కే ఫ్రేమ్‌లో 82.9 లక్షల పిక్సెళ్లు ఉంటే, 1080పీలో అందులో నాలుగో వంతే ఉంటాయి. 720పీలో దాదాపు 9.2 లక్షలు. చూసేవారిలో ఎక్కువమంది ఫోన్‌లోనే చూస్తారనుకుంటే 4కే పంపడం దండగ. టీవీలో చూస్తారనుకుంటే 1080పీ, ఫోన్‌కే పరిమితమైతే 720పీ చాలు.

ఫ్రేమ్ రేటు మరో అంశం. క్రికెట్ మ్యాచ్, పరుగు పందెం లాంటివాటికి సెకనుకు 60 ఫ్రేమ్‌లు ఉపయోగపడతాయి. ఉపన్యాసం, పూజ, ఇంటర్వ్యూ లాంటివాటికి 30 సరిపోతాయి. శబ్దం విషయంలో పాటలున్న వీడియోకు సెకనుకు 128 కిలోబిట్లు, మాటలు మాత్రమే ఉంటే 64 కిలోబిట్ల మోనో చాలు. నిడివి ఎక్కువై, బిట్‌రేట్ తక్కువైనప్పుడు ఈ చిన్న పొదుపు కూడా అక్కరకొస్తుంది.

అన్ని వీడియోలూ ఒకే స్థాయిలో కుదించడానికి లొంగవు. స్థిరంగా ఉన్న కెమెరాతో తీసిన పాఠం చాలా తేలిగ్గా కుదుతుంది. హల్దీ వేడుకలో ఎగిరే పూలు, చిందే నీళ్లు, జలపాతం, చేతిలో ఊగే కెమెరా ఉంటే ప్రతి ఫ్రేమ్‌లోనూ అంతా మారిపోతుంది కాబట్టి ఎక్కువ డేటా కావాలి. రాత్రిపూట మసక వెలుతురులో తీసిన వీడియోలో కనిపించే సన్నటి గరుకుదనం కూడా అంతే. అది ప్రతి ఫ్రేమ్‌లోనూ మారుతూ డేటాను తినేస్తుంది. స్టాండ్ వాడి, తగినంత వెలుతురులో తీయడం ద్వారా సైజు సమస్యలో కొంత భాగాన్ని చిత్రీకరణ సమయంలోనే తీర్చుకోవచ్చు.

కొడెక్ ఏది ఎంచుకోవాలి?

ఎంపీ4 అన్నది కుదింపు పద్ధతి కాదు, బొమ్మను, శబ్దాన్ని కలిపి ఉంచే పెట్టె మాత్రమే. లోపల కుదించే పద్ధతిని కొడెక్ అంటారు. ప్రస్తుతం వినిపించే పేర్లు మూడు. హెచ్.264 2003లో ప్రమాణంగా ఆమోదం పొందింది. పాత ఫోన్లు, టీవీలు, కంప్యూటర్లు దాదాపు అన్నింటిలోనూ ఆడుతుంది. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్‌ఈవీసీ, అదే నాణ్యతను ఇంచుమించు సగం డేటాలో ఇవ్వాలన్న లక్ష్యంతో తయారైంది. అయితే పాత పరికరాల్లో ఆడకపోవచ్చు. కొన్ని విండోస్ కంప్యూటర్లలో దీనికి అదనపు ఎక్స్‌టెన్షన్ వేసుకోవాల్సి వస్తుంది. ఏవీ1 2018లో విడుదలైంది. లైసెన్స్ రుసుము లేకుండా వాడుకునేలా దీన్ని రూపొందించారు. ఇంకా మెరుగ్గా కుదిస్తుంది కానీ కొత్త పరికరాలకే అనువైనది. మామూలు కంప్యూటర్‌లో ఎన్‌కోడ్ చేయడానికి సమయం కూడా ఎక్కువ పడుతుంది.

వీడియో ఎవరి చేతికి వెళ్తుందో తెలియనప్పుడు హెచ్.264 సురక్షితం. అందరి దగ్గరా కొత్త ఫోన్లే ఉన్నాయని తెలిస్తే హెచ్.265 ఎంచుకోవచ్చు.

కంప్యూటర్‌లో కుదించడం ఇలా

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఉచితంగా పనిచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్. ఇందులో వీడియోను తెరిచి, ప్రీసెట్లలో 'ఫాస్ట్ 1080పీ30' లేదా 'ఫాస్ట్ 720పీ30' ఎంచుకుంటే చాలావరకు పని అయిపోయినట్లే.

ఇంకాస్త పట్టు కావాలంటే 'వీడియో' ట్యాబ్‌లోకి వెళ్లాలి. అక్కడ 'కాన్‌స్టంట్ క్వాలిటీ' కింద ఆర్‌ఎఫ్ అనే అంకె ఉంటుంది. అంకె తగ్గితే నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. అంకె పెరిగితే రెండూ తగ్గుతాయి. హెచ్.264లో 1080పీ వీడియోకు 20 నుంచి 24 మధ్య ఉంచితే మంచిది. అంకెను 6 పెంచితే సైజు దాదాపు సగమవుతుందని స్థూలంగా లెక్కేసుకోవచ్చు. ఈ పద్ధతిలో నాణ్యత స్థిరంగా ఉంటుంది, సైజు ఎంతవుతుందో మాత్రం ముందే చెప్పలేం.

ఇన్ని ఎంబీలు మించకూడదన్న షరతు ఉన్నప్పుడు 'యావరేజ్ బిట్‌రేట్' ఎంచుకుని, పైన చెప్పిన లెక్కతో వచ్చిన అంకె ఇవ్వాలి. ఒకటికి మించి పాస్‌లు చేసే ఆప్షన్‌ను కూడా ఎంచుకుంటే, సాఫ్ట్‌వేర్ మొదటిసారి వీడియోనంతా పరిశీలించి, రెండోసారి కదలిక ఎక్కువున్న చోట ఎక్కువ డేటా, తక్కువున్న చోట తక్కువ డేటా కేటాయిస్తుంది. సమయం ఎక్కువ పట్టినా ఫలితం మెరుగ్గా ఉంటుంది.

ఎన్‌కోడర్ వేగాన్ని 'స్లో' వైపు జరిపినా అంతే. కంప్యూటర్ ఎక్కువసేపు వెతికి, అదే సైజులో కాస్త మెరుగైన బొమ్మ ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు సాయంతో కుదిస్తే పని చాలా వేగంగా అవుతుంది కానీ, అదే నాణ్యతకు సాధారణంగా సైజు కొంత ఎక్కువవుతుంది. 'వెబ్ ఆప్టిమైజ్డ్' అన్నచోట టిక్ పెడితే ఆన్‌లైన్‌లో ఉంచిన ఫైల్ పూర్తిగా డౌన్‌లోడ్ కాకముందే ఆడటం మొదలవుతుంది.

గంట నిడివి వీడియోను గుడ్డిగా ఎన్‌కోడ్ చేయడం మంచిది కాదు. కదలిక బాగా ఉన్న 30 సెకన్ల ముక్కను మాత్రమే ముందు కుదించి చూడాలి. ముఖాలు, జుట్టు, చీకటి మూలలు, బోర్డు మీది అక్షరాలు సరిగా ఉంటేనే మొత్తానికి అదే సెట్టింగ్ వాడాలి.

మ్యాక్ ఉన్నవారు క్విక్‌టైమ్ ప్లేయర్‌లో ఫైల్ మెనూ నుంచి 'ఎక్స్‌పోర్ట్ యాజ్' ఎంచుకుని 1080పీ లేదా 720పీగా మార్చుకోవచ్చు.

పంపే దారిని బట్టి కూడా తేడా

వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి వీడియో ఎంచుకుని పంపితే ఆ యాప్ తనంతట తాను కుదిస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ మెరుగే కానీ, అందులోనూ వెళ్లేది అసలు ఫైల్ కాదు. అదే వీడియోను 'డాక్యుమెంట్'గా ఎంచుకుని పంపితే కుదింపు లేకుండా ఉన్నదున్నట్లు వెళ్తుంది. ఇలా 2 జీబీ వరకు పంపవచ్చు. కంప్యూటర్‌లో జాగ్రత్తగా కుదించిన వీడియోను మళ్లీ గ్యాలరీ దారిలో పంపితే పడిన శ్రమంతా వృథా. అందుకే సొంతంగా కుదించుకున్న ఫైల్‌ను డాక్యుమెంట్‌గానే పంపాలి.

టెలిగ్రామ్‌లోనూ ఫైల్‌గా పంపే వీలుంది. ఉచిత ఖాతాలకు పరిమితి ఒక్కో ఫైల్‌కు 2 జీబీ. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ల పరిమితి 25 ఎంబీ. అంతకు మించితే గూగుల్ డ్రైవ్ లింక్‌గా వెళ్తుంది. ఎక్కువమందికి పంపాల్సినప్పుడు డ్రైవ్‌లో ఒకసారి పెట్టి లింక్ ఇవ్వడమే మేలు. అయితే లింక్ ఎవరు తెరవవచ్చన్న అనుమతిని ఒకసారి చూసుకోవాలి.

వీడియోను అప్‌లోడ్ చేస్తే కుదించి ఇస్తామనే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. పిల్లల వీడియోలు, వైద్య పరీక్షల దృశ్యాలు, ఇంటి లోపలి దృశ్యాలను ఇలాంటివాటికి ఇవ్వడమంటే ముక్కూమొహం తెలియని సర్వర్‌లో పెట్టడమే. అలాంటివి సొంత కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో కుదించుకోవాలి.

సాక్ష్యమైతే ముట్టుకోకూడదు

రోడ్డు ప్రమాదం, దాడి, లంచం, సరిహద్దు గొడవ లాంటివాటి వీడియోలకు పై సలహాలు యథాతథంగా వర్తించవు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు సమర్పించేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలి. ఆ పత్రం నమూనాలో ఫైల్ హ్యాష్ విలువను కూడా పేర్కొనాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఫైల్‌లో ఒక్క బిట్ మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది. కుదించినా, కత్తిరించినా అది వేరే ఫైల్ కిందే లెక్క.

పాత సాక్ష్య చట్టం కింద 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ధ్రువపత్రం తప్పనిసరని చెప్పింది. అసలు రికార్డు ఉన్న పరికరాన్నే యజమాని కోర్టులో హాజరుపరిస్తే ధ్రువపత్రం అక్కర్లేదని కూడా స్పష్టం చేసింది. తీసిన ఫోన్‌లో అసలు ఫైల్ చెక్కుచెదరకుండా ఉండటం ఎంత ముఖ్యమో ఈ తీర్పు చెబుతోంది.

దీనికి తోడు, మెసేజింగ్ యాప్‌ల ద్వారా వీడియోగా పంపినప్పుడు తీసిన సమయం, ప్రదేశం లాంటి వివరాలు ఫైల్ నుంచి తొలగిపోయే అవకాశం ఉంది. నంబర్ ప్లేటు మీది అంకెలు, దూరంగా ఉన్న ముఖం లాంటి సన్నటి వివరాలే కుదింపులో ముందు పోతాయి. అందుకే ఇలాంటి వీడియోల్లో పంచుకోవాల్సింది కుదించిన కాపీని. అసలు ఫైల్‌ను ఫోన్‌లో అలాగే ఉంచి, మార్పులేని మరో కాపీని పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో దాచుకోవాలి.

ఫలితమివ్వని చిట్కాలు

వీడియోను జిప్ చేస్తే సైజు తగ్గుతుందన్నది పాత నమ్మకం. వీడియో అప్పటికే కుదించి ఉంటుంది కాబట్టి జిప్‌తో తగ్గేది నామమాత్రమే. ఫైల్ పేరు చివర ఎంఓవీ అని ఉన్నదాన్ని ఎంపీ4 అని మార్చినంత మాత్రాన లోపలి డేటా మారదు. 480పీ వీడియోను 1080పీగా ఎన్‌కోడ్ చేస్తే సైజు పెరుగుతుందే తప్ప లేని వివరం రాదు. మసకగా వచ్చిన ఫార్వర్డ్ వీడియోను మళ్లీ కుదించే బదులు, తీసినవారిని అడిగి అసలు ఫైల్ తెప్పించుకోవడమే సరైన దారి.

గుర్తుంచుకోవాల్సిన వరుస

మొదట అసలు ఫైల్‌ను భద్రపరచాలి. కాపీలో అక్కర్లేని భాగాన్ని కత్తిరించాలి. చూసే తెరకు తగిన రిజల్యూషన్, ఫ్రేమ్ రేటు నిర్ణయించుకోవాలి. సైజు పరిమితి ఉంటే బిట్‌రేట్ లెక్క, లేకపోతే ఆర్‌ఎఫ్ అంకె ఎంచుకోవాలి. చిన్న ముక్కతో పరీక్షించి, ఒకే ఒక్కసారి కుదించి, డాక్యుమెంట్‌గానో లింక్‌గానో పంపాలి. అవతలివారికి చేరిన ఫైల్ సరిగా ఆడుతోందని తెలిశాకే ఆ కుదించిన కాపీని తొలగించాలి. అసలు ఫైల్ జోలికి మాత్రం వెళ్లకూడదు.